కరుణక్క సాక్ష్యం

మొన్న మా ఆసుపత్రి వెనక సందులో ఒక ముసలామె ఇనుప పొయ్యి రాజేసి మక్కకంకులు కాలుస్తోంది. కట్టెబొగ్గు దొరకలేదేమో, రాక్షసి బొగ్గు వేసింది. ఆ పొగలోని గంధకపు ఘాటు ముక్కుకు తగలగానే నేను అక్కడే ఆగిపోయాను. కరీంనగర్‌లో ఆ వాసనను ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం అది గోదావరిఖని సాయంత్రాల వాసన. వరుసగా ఉన్న క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజుకునేవి. నీలం పొగ ఇళ్ల కప్పుల మీదుగా మెల్లగా పాకేది. ఆ పొగలోంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూనే నవ్వుతూ కరుణక్క నడిచి వచ్చేది.

ఎనభైల చివర్లో నర్సు చదువు ముగించుకుని రామకృష్ణాపూర్ నుంచి వచ్చి, గోదావరిఖని బస్టాండు దగ్గర ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అక్కడ పెద్ద సిస్టరు కరుణక్క. పొట్టిగా, బొద్దుగా ఉండేది. సూదులు మరగబెట్టేటప్పుడు సన్నగా పాడుకునేది. పాటలో మాట మరిచిపోతే ఆ జాగాలో నా పేరు పెట్టి పాడేసేది. రోజూ మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా మూతలో నాకు కూర వేసిచ్చేది. వద్దంటే ఒప్పుకునేది కాదు. ఆమె భర్త డేవిడ్ బావ బొగ్గుగనిలో, మా మాటలో బాయిలో, పనిచేసేవాడు. ఊళ్లో అందరికీ ఇంజెక్షన్లు చేసే కరుణక్కకు తను ఇంజెక్షన్ చేయించుకోవడమంటే ప్రాణం మీదికి వచ్చేది. జ్వరం వస్తే బావా నేనూ చెరో చెయ్యి పట్టుకోవాలి. బల్లిని చూస్తే మంచం ఎక్కేది. ప్రమాదం జరిగిందని వేళగాని వేళ బాయి సైరన్ మోగితే ఎక్కడున్నా చతికిలబడి, బావ డ్యూటీలో ఉన్నాడో లేడో ఎవరైనా చెప్పేదాకా లేచేది కాదు. కొందరు పుట్టుకతోనే ధైర్యవంతులంటారు. ఆమె ఆ కోవలోని మనిషి కాదని ముందే చెప్పాలి. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఆదివారం సాయంత్రాలు ఆమె క్వార్టరు ముందు ప్రార్థనకు చాప పరిస్తే కాలనీ పిల్లలు, నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. నేనూ వెళ్లేదాన్ని. మాది తాతల నాటి నుంచీ క్రైస్తవ విశ్వాసుల కుటుంబమే గానీ, నాకు ఆ భక్తి ఇంటిపేరులాగా వచ్చిందే తప్ప నేను సంపాదించుకున్నది కాదు. కరుణక్క చెప్పే కథల కోసం వెళ్లేదాన్ని. ఒక ఏడాది వర్షాకాలమంతా ఆమె తొలినాటి విశ్వాసుల కథలే చెప్పింది. రాళ్ల వాన కింద మోకాళ్లూని, తనను కొట్టేవాళ్ల కోసమే వేడుకున్న స్తెఫను. పాలు తాగే బిడ్డను తండ్రి చేతిలో పెట్టి మృగాల ముందుకు నడిచిన రోము కాలపు చిన్నవయసు తల్లి. తనను పట్టుకోవడానికి వచ్చిన సిపాయిలకు ముందు అన్నం పెట్టించిన ముసలి బోధకుడు. ఆ ముసలాయన ఒక్క చిటికెడు సాంబ్రాణి రాజు బొమ్మ ముందు వేసి, రాజే ప్రభువని ఒక్క మాట అంటే చాలు, ఇంటికి పంపేస్తామన్నారట. ఆయన వెయ్యలేదు. సజీవంగా కాల్చేశారు.

నాకు ఆ కథ మింగుడుపడలేదు. "చిటికెడే గదక్కా. వేసి ఇంటికి పోతే అయిపోతుండె. మనసుల దేవుడు ఉండనే ఉండె" అన్నాను.

కరుణక్క కోపగించుకోలేదు. "నేనైతే వేసేదాన్నేమో సరళా. బల్లిని జూస్తేనే నాకు పాణం పోతది, ఇగ సింహమంటె చెప్పాల్నా?" అంది. పిల్లలంతా పకపకా నవ్వారు. నవ్వు తగ్గాక ఆమే మళ్లీ అందుకుంది. "వాళ్లను హతసాక్షులు అంటం గద. మనం హత అన్న కాడనే ఆగిపోతం. సచ్చుడు వాళ్ల పని కాదు బిడ్డా, అది సంపినోళ్ల పని. వాళ్ల పని సాక్షి. చూసింది చూసినట్టు చెప్పిన్రు. చెప్పకు అంటె గూడ చెప్పిన్రు. గంతే."

మా సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడమని ఒక పద్ధతి ఉండేది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఒక్కొక్కరే లేచి చెప్పాలి. కొందరు గంటసేపు చెప్పేవారు. కరుణక్క వంతు వస్తే తల వంచుకుని పాస్టరు గారితో, "నాకు రాదయ్యగారూ" అని కూర్చునేది. పదిమంది ముందు నిలబడితే ఆమెకు నోరు పెగిలేది కాదు.

మరుసటి ఏడు వానలప్పుడు ఒక మధ్యాహ్నం యూసుఫ్‌ను మా దగ్గరికి తెచ్చారు. ఊరి బయట ఒక కాంట్రాక్టరుకు బొగ్గు యార్డు ఉండేది. యూసుఫ్ అక్కడ లారీ డ్రైవరు. పాతికేళ్లు కూడా ఉండవు. వాలులో దిగుతున్న లారీ ఆగక గోడకు కొట్టుకుంది, ముందుభాగం అతని మీదికి నలిగిపోయింది. డాక్టరు గారు రక్తం కోసం మనుషుల్ని పరుగెత్తించారు. ఆ లోపల అతని పక్కన మేమిద్దరమే ఉన్నాం. యూసుఫ్‌కు తెలివి ఉంది. మాట స్పష్టంగా ఉంది. "బిరేకు పడ్తలేదని చెప్పిన అక్కా. నిన్న చెప్పిన, ఇయ్యాల గూడ చెప్పిన. ఏం గాదు, నడుపుమన్నరు" అన్నాడు. కరుణక్క అతని చెయ్యి పట్టుకుంది. "అమ్మీకో నక్కో బోలో" అన్నాడు ఆ తర్వాత. అమ్మకు చెప్పొద్దని. అతని ఊపిరి మారడం గమనించి కరుణక్క నా వైపు చూసి, "జల్ది పో. చాయ్ దుకాణం ఖాజా భాయిని పిలుచుకరా. పిల్లగాని చెవుల వాళ్ల మాట వడాలె" అంది. ఖాజా భాయి తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, అతని చెవి దగ్గర వంగి, ఆఖరి గడియలో వినిపించే కల్మా చదివాడు. అది పూర్తయ్యేదాకా కరుణక్క ఆ చెయ్యి వదల్లేదు. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంది. ఆమె దేవుణ్ణి ఆమె, అతని దేవుణ్ణి ఖాజా భాయి, ఒకే మంచం దగ్గర పిలిచారు. రక్తం వచ్చేసరికి యూసుఫ్ లేడు.

మర్నాడు కాంట్రాక్టరు మేనేజరు వచ్చాడు. డాక్టరు గారి గదిలో మమ్మల్ని నిలబెట్టి, డ్రైవరు తాగి ఉన్నాడని, వాసన వచ్చిందని పోలీసులకు చెప్పమన్నాడు. అలా చెబితే తప్పు చనిపోయినవాడిదవుతుంది, వాళ్లమ్మకు నష్టపరిహారం ఏమీ దక్కదు. మా ఆసుపత్రి ఉన్న భవనం ఆ కాంట్రాక్టరుదే. డాక్టరు గారు చెడ్డవారు కాదు, ఇరుక్కుపోయిన మనిషి. మా కళ్లలోకి చూడకుండా, "ఒక్క మాటే కదా కరుణమ్మా. పోయినవాడు ఎట్లాగూ తిరిగి రాడు" అన్నారు.

ఆ సాయంత్రం బురదలో ఇద్దరం నడిచి వెళుతున్నాం. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. చాలా దూరం వెళ్లాక, "నన్ను ఎవ్వలు అడగకుండ చెయ్యి ప్రభువా అని పొద్దటి సంది మొక్కుతున్న" అంది. ఆ మాట అని ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "గా పిల్లగాడు నాతోని చెప్పె. వేరేటోళ్లతోని చెప్పినా బాగుండు" అంది. క్వార్టరుకు చేరాక డేవిడ్ బావ సంగతంతా విన్నాడు. "నువ్వేది చెప్పినా నేను నీ దిక్కే. ఫికర్ చెయ్యకు" అన్నాడు. అంత భారమైన మాటను ఆయన పొయ్యిలో బొగ్గు ఎగదోస్తూ అన్నాడు.

ఎస్సై ఆసుపత్రికే వచ్చి అడిగాడు. డాక్టరు గారి గదిలో మేనేజరు కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కరుణక్క బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. సంఘంలో నోరు పెగలని ఆ మనిషి అక్కడ, "తాగలేదు సారూ. వాసన లేదు. మంచిగ మాట్లాడిండు. బిరేకు పడ్తలేదని చెప్పినా నడుపుమన్నరని చెప్పిండు" అంది. గొంతు పెద్దది కాదు, కానీ ఒక్క మాటా తడబడలేదు. మేనేజరు ఏదో అనబోయాడు. ఎస్సై చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగాడు. "నువ్వమ్మా?"

ఆమె నా వైపు చూడలేదు. చూస్తే నన్ను బలవంతపెట్టినట్టవుతుందని చూడలేదని తర్వాత చెప్పింది. "నేను గూడ అక్కడనే ఉన్న సార్. అక్క చెప్పింది నిజం" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట నాకే ఎవరిదో మాటలా వినిపించింది.

వారం తిరక్కుండానే ఇద్దరికీ పని పోయింది. డాక్టరు గారు మా ఎదుటికి రాలేక కాంపౌండరుతో చెప్పించారు. కరుణక్క ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు చేయడం, కాన్పులకు వెళ్లడం మొదలుపెట్టింది. కొన్నాళ్లు నన్నూ వెంట తీసుకెళ్లి, వచ్చే పనిలో నాకు భాగమిచ్చింది. ఆదివారం చాప మీద పిల్లలు తగ్గిపోయారు. కాంట్రాక్టరుతో మనకెందుకని తల్లులు పంపలేదు. ఒక సాయంత్రం ఎవరో క్వార్టరు మీదికి రాళ్లు విసిరి పారిపోయారు. నేను వెళ్లేసరికి కరుణక్క వాకిట్లో చీపురు పట్టుకుని వాటిని ఊడుస్తోంది. ముఖం పాలిపోయి ఉంది. అయినా నన్ను చూడగానే, "స్తెఫనుకు బండరాళ్లు వడ్డయి. నాకు కంకర. ఎంత ఉన్నోళ్లకు అంత" అని నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక చీపురు అందుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం చాప మీద ఒక కొత్త మనిషి వచ్చి కూర్చుంది. యూసుఫ్ వాళ్లమ్మ రజియా బీ. ప్రార్థన కోసం రాలేదు. ఒక మూలన కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంది. కరుణక్క ఆమెను ఏమీ అడగలేదు. లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి పెట్టింది. ఒకరోజు పిల్లల్లో ఎవరో హతసాక్షి అంటే ఏమిటని అడిగితే, రజియా బీ తలెత్తి, "మా దాంట్ల షహీద్ అంటం. గవాయి, అదే సాక్ష్యం, చెప్పేటోన్ని షాహిద్ అంటం. రెండూ ఒక్క మాటకెల్లే పుట్టినయని మా అబ్బా చెప్తుండె" అంది. కరుణక్క ఆశ్చర్యంగా చూసి, "మీకు గూడ గంతేనా అక్కా?" అంది. ఆ ఏడాది రంజాన్‌కు రజియా బీ తెచ్చిన షీర్ ఖుర్మా పాయసం గిన్నె చుట్టూ మేమందరం కూర్చున్నాం. పరిహారం కేసు సాగి సాగి, చివరికి రజియా బీ వైపే తేలింది. ఆ కబురు చెప్పడానికి ఆమె వచ్చినప్పుడు కరుణక్క ఇంట్లో లేదు, కాన్పుకు వెళ్లింది. రజియా బీ చీకటి పడేదాకా గడప మీదే కూర్చుంది.

నాకు తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వచ్చి కరీంనగర్ వచ్చేశాను. తొంభైల చివర్లో డేవిడ్ బావ రిటైరయ్యాక వాళ్లు మంథని వైపు తమ ఊరికి వెళ్లిపోయారు. కొన్నేళ్లకు కరుణక్కకు బాగా లేదని తెలిసి వెళ్లాను. మంచంలో చిక్కిపోయి ఉంది. చాలాసేపు పాత సంగతులు చెప్పుకున్నాం. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది. "ప్రార్థన చేసి పో" అంది. నాకు నలుగురిలో ప్రార్థన చేసే అలవాటు లేదు. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు చేస్తే ఆమేన్ అనేదాన్ని, అంతే.

"నాకు రాదక్కా" అన్నాను.

"నాకు మాత్రం వచ్చునా? నీకు ఏది నిజమో గది చెప్పు. ఆయనకు గది సాలు."

మోకాళ్ల మీద కూర్చున్నాను. పెద్ద మాటలేవీ రాలేదు. ఈమె నాకు అన్నం పెట్టింది ప్రభువా అన్నాను. ఈమెతో ఉంటే నాకు మంచిగుంటుండె అన్నాను. ఈమెను తీసుకుపోతే నాకు బాధైతది, అది నీకు తెలువాలె అన్నాను. అక్కడ ఆగిపోయాను. ఇంకేమీ తోచలేదు. ఆమేన్ మాట కరుణక్కే అంది. కళ్లు తెరిచేసరికి ఆమె చెంపలు తడిగా ఉన్నాయి, పెదాల మీద నవ్వుంది. ఆ నెలలోనే పోయింది.

ఇప్పుడు వార్డులో చివరి దశలో ఉన్నవాళ్లు ఒక్కోసారి నా చెయ్యి పట్టుకుని, ఏదైనా చెప్పు సిస్టరూ అంటారు. వాళ్లది ఏ మతమని అడగను. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆ మనిషి గురించి నాకు తెలిసిన నిజం ఒకటో రెండో మెల్లగా పైకి చెబుతాను. ఇతని భార్య రాత్రంతా ఇక్కడే కూర్చుంది అంటాను. ఇతను పక్క మంచం అబ్బాయికి తన పండు ఇచ్చాడు అంటాను. నాకు అంతవరకే వచ్చు.