గొర్రె తిన్నా చావని విస్తరాకు

ఫోను మోగేలోపు ఒక ఆడగొంతు మనకు హితబోధ చేసే ఏర్పాటును ఎవరు కనిపెట్టారో గాని, ఆయనకు దగ్గరి బంధువులు లేరని నా అనుమానం. ఉండి ఉంటే ఒక్కసారైనా చావు కబురు చెప్పడానికి ఫోను చేసి ఉండేవాడు. ఆ ఉదయం నేను నలభై మందికి ఫోను చేశాను. అపరిచితులకు బ్యాంకు వివరాలు చెప్పవద్దని నలభైసార్లూ విన్నాను. చెప్పనని మనసులో మాట ఇచ్చి, అవతలివాళ్ళు ఎత్తగానే "అత్త పోయింది" అన్నాను.

మా అత్తగారు నాగలక్షుమ్మ ఆషాఢమాసపు మొదటి వారంలో, ఉరవకొండలోని స్వగృహంలో, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగి పరమపదించారు. ఎనభై దాటిన మనిషి పోతే దిగ్భ్రాంతి ఏమిటని మీరు అడగవచ్చు. ఆవగింజ డబ్బా మూతను కూడా పారవేయని మనిషి, ప్రాణాన్ని అంత తేలిగ్గా వదిలేయడమే నా దిగ్భ్రాంతికి కారణం.

బజారులో మా మామగారి కిరాణా అంగడిని ఎరిగినవాళ్ళకు ఆమెను పరిచయం చేయనక్కరలేదు. ఎరగనివాళ్ళు ఆమెను పిసినారి అనుకునే ప్రమాదం ఉంది. దుడ్లు ఖర్చుపెట్టడానికి ఆమెకు ఏనాడూ అభ్యంతరం లేదు. పారవేయడానికే అభ్యంతరం. "పారెయ్యడమంటే ఏందప్పా? మనింట్లోది తీసకపోయి ఇంగొకరింట్లో పెట్టేది. అంతే గదా" అనేది. ఈ వాక్యానికి జవాబు కోసం నేను డిగ్రీ కళాశాలలో ఉద్యోగం చేసినంత కాలమూ వెతికాను. గ్రంథాలయంలో దొరకలేదు.

కొత్త అల్లుడికి ఆ ఇంట్లో జరిగిన మర్యాదల్లో మొదటిది, పాల ప్యాకెట్టు కత్తిరించే విధానంలో శిక్షణ. మూల పూర్తిగా తెగకూడదు. చిన్న ముక్క ప్యాకెట్టును అంటిపెట్టుకునే ఉండాలి. తెగిన ముక్క గాలికి పోతుంది, దాన్ని మళ్ళీ ఎవరూ పట్టుకోలేరు. తరువాత ప్యాకెట్టును రెండుసార్లు కడగాలి. మొదటి కడుగు కాఫీలోకి, రెండోది కరివేపాకు చెట్టుకు. ఆపైన ఆరవేయాలి. దండెం మీద నా పెళ్ళినాటి పట్టుపంచె, దాని పక్కన నాలుగు పాల ప్యాకెట్లు సమాన గౌరవంతో ఆరుతుండగా చూసి, ఈ కుటుంబంలో నా స్థానం ఏమిటో నాకు స్థూలంగా అర్థమైంది.

ఈ క్రమశిక్షణ కొంత కాలానికి ఎవరినైనా అలసిపోయేట్టు చేస్తుంది. నన్నూ చేసింది. ఒక ఆదివారం, నేను తెచ్చిన మిఠాయి డబ్బాలు, చిప్స్ కవర్లు గుట్టుగా నా సంచిలో కుక్కుకుని, బస్టాండులో పారవేసే సదుద్దేశంతో బయలుదేరాను. గడప దగ్గర ఆమె నిలబడి ఉంది.

"మా ఇంటి సొమ్ము యాడికి తీసకపోతాండావప్పా, అల్లుడా?"

నా భార్య శారద లోపలినుంచి నవ్వింది. నేను సంచి విప్పాను. అప్పటికే లెక్చరర్‌గా నాకు పదేళ్ళ అనుభవం.

వస్త్రాల విషయంలో ఆమెకు పునర్జన్మ మీద అచంచల విశ్వాసం. చీర బొంత అయ్యేది, బొంత పిల్లల పొత్తిగుడ్డ అయ్యేది, అది మసిగుడ్డగా మోక్షం పొందేది. "మరి నువ్వు మళ్ళీ పుడతావా అత్తా?" అని ఒకసారి వేళాకోళమాడాను. ఆమె వేరుశనగ కాయలు వలుస్తూనే, "ఒద్దప్పా. ఈ మనిషిని బాగా వాడినాము. సాల్లే" అంది. వలిచిన బుడ్డల పొట్టు పొయ్యిలోకి పోయింది. ఆ మాటను మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఈ పట్టింపు మొదట్లో ఇంటివరకే; అంగడిలో కవర్లు ధారాళంగా పంచేవారు. నేను అల్లుణ్ణయిన నాలుగో ఏడు, ఎర్రిస్వామి అనే గొర్రెల కాపరి గోనెపట్టాలో ఏదో మూటగట్టుకుని అంగడికి వచ్చాడు. మెట్ల మీద విప్పాడు. టెంకాయంత ఉండ, రాయిలా బిగిసి ఉంది.

"సూడమ్మా. సచ్చిపోయిన గొర్రె కడుపులో ఉండె."

అత్త కూర్చుని, చీపురుపుల్లతో దాన్ని పొరలు పొరలుగా విప్పింది. అన్నీ ప్లాస్టిక్ కవర్లే. మూడో పొర కింద ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి. దీపావళికి మా మామగారు అచ్చువేయించి, సరుకులతో ఉచితంగా పంచిన కవరు అది. అంగడికి ఆయన భార్య పేరే పెట్టుకున్నారు. గొర్రె కడుపులోంచి వచ్చిన కవరు మీద "నాగలక్ష్మి" అని స్పష్టంగా ఉంది.

మామగారు కొంచెంసేపు చూసి, "రంగు పోలేదు సూడు" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే; ముద్రణకు ఎక్కువ ఇచ్చిన మనిషి.

అత్త తలెత్తలేదు. "నా పేరు సంపింది దీన్ని" అంది.

ఆ సాయంత్రమే అంగడిలో మిగిలిన కవర్ల కట్టలన్నీ అటక ఎక్కాయి. తగలబెడదామంటే పొగ యాడికి పోతుందని అడిగింది. పారవేసే ప్రసక్తే లేదు. మరుసటి రోజునుంచి సంచి తెచ్చుకోని గిరాకీకి కాగితపు పొట్లాలు, ఉచితంగా నాలుగు మాటలు. "సంచి లేదా? పైటకొంగు ఉండాది గదా, పట్టు" అనేది. కొందరు పట్టారు. చాలామంది ఎదురంగడికి పోయారు. మామగారు ఆ వైపు చూస్తూ నిట్టూర్చేవారు గాని, మళ్ళీ కవర్లు తెప్పించలేదు. దాంపత్యమనే శబ్దానికి నేను చూసిన సముచితమైన వ్యాఖ్యానం అదే.

ఇక నేను చెప్పక తప్పని సంగతి. పోవడానికి నెల ముందు, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"నా దినాలకు జనం వస్తారు అల్లుడా. వాళ్ళు తిన్న ఇస్తరాకు గొర్రె తిన్నా సావకూడదు. నా కొడుక్కి చెప్తే ఇనడు. నీకు చెప్తాండా."

"సరే అత్తా" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. నమ్మింది.

మోదుగాకు విస్తళ్ళు మూడు వందల మందికి కావాలంటే నాలుగు రోజుల ముందు చెప్పాలి. మొదటి రోజులు దుఃఖంలో గడిచాయి. తరువాతివి బంధువులకు మంచాలు, బాత్‌రూముకు నీళ్ళు, ట్యాంకరువాడికి ఫోన్లు. మరిచిపోయానని రాస్తే మీరు క్షమిస్తారు. మరవలేదు. రేపు చెబుదామనుకున్నాను, అంతే. పెద్దకర్మ ముందురోజు సాయంత్రం వంటల కాంట్రాక్టరు వచ్చి, "మీరేం దిగులు పడొద్దు సార్. ప్లేట్లు, గ్లాసులు, నీళ్ళ బాటిళ్ళు అన్నీ మావే ఉండాయి. తిన్న్యాక సుట్టి పారెయ్యడమే" అన్నాడు. నా బావమరిది నా వంక చూశాడు. నేను "సరే" అన్నాను. ఇంత తక్కువ శ్రమతో నేను చేసిన పాపం మరొకటి లేదు.

మూడు వందల మందీ తిన్నారు. పప్పు బాగుందన్నారు. ఆమె గుణగణాలను కొనియాడి, చేతులు కడుక్కుని, బస్సులకు వెళ్ళిపోయారు.

ఆషాఢపు గాలి మా ప్రాంతంలో ఎవరి మాటా వినదు. ఇంటి వెనక పోసిన కుప్పను అది అరగంటలో విప్పింది. తెల్లటి ప్లేట్లు కంచె దాటి, దున్ని వాన కోసం పెట్టుకున్న చేనులో పడి దొర్లసాగాయి. నేనూ శారదా చెరొక గోనెసంచి పట్టుకుని వాటి వెంట నడిచాము. ఒకటి అందుకునేలోపు రెండు ముందుకు పోయేవి. ఇలాంటి వ్యాసాల చివర దివంగతులకు చేతులు జోడించి నమస్కరించాలి. ఆమె లేని లోటు తీర్చలేనిదని నేనూ రాస్తున్నాను; ఆ పొద్దు మాత్రం నా చేతులు ఖాళీగా లేవు.

చేని మధ్యలో నిలబడి, ఆమె నన్ను అడిగిన సంగతి, నేను సరేనన్న సంగతి, రెండుసార్లు సరేనన్న సంగతి, శారదకు చెప్పాను. ఆమెకు అది అప్పటిదాకా తెలియదు. వంగి ఒక ప్లేటు మీద మట్టి దులిపి సంచిలో వేసుకుంది. ఇంకొకటి వేసుకుంది.

"సదువుకున్నోరని మీకు చెప్పింది మాయమ్మ. నాకు చెప్పింటే అయ్యిండేది."