మార్త గొంతు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వితే చాలు, ఆ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటాను. అలాంటి నేను కూడా వాన కురుస్తున్న ఆ పొద్దున వచ్చిన ఆడియోను నమ్మేశాను. బుడమేరు కట్ట తెగిందంట, నీళ్ళొచ్చేస్తున్నాయి, పిల్లల్ని తీసుకుని మేడెక్కండి అని ఎవరో ఆడమనిషి ఏడుస్తూ చెబుతోంది. కిందటేడు సింగ్‌నగర్‌లో పీకలోతు నీళ్ళు చూసినవాళ్ళం. ఆ ఏడుపు విన్నాక ఇంకేం ఆలోచిస్తాం? మా వీధి వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్ని. వియ్యంకుడిదాకా అందరికీ పంపించి, బండి తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టాను. అప్పటికే అక్కడ బళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. ఆ హడావుడిలో మా ఎదురింటి సంజీవరావుగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు.

నీళ్ళు మాత్రం రాలేదు.

సాయంత్రానికి భయమంతా కోపమైంది. ఆ గొంతు ఎవరిదో కనిపెట్టింది నేనే. రోజూ మా వీధిలో దోసెల పిండి అమ్మే మార్తది. ఇళ్ళు ఖాళీ చేయించి దొంగలకు దారి చూపడానికేనని ఒకరు రాశారు. ఎవరో వెనకుండి చెప్పించారని ఇంకొకరు. రుజువు ఎవరూ అడగలేదు, నేనసలే అడగలేదు. మర్నాటి నుంచి ఆమె దగ్గర పిండి కొన్నవాళ్ళు లేరు. ఈలోగా పోలీసులు ఫోన్లు చూస్తారని పుకారు పుట్టింది. ఆడియో వెంటనే డిలీట్ చేయండని అందరికీ హుకుం జారీ చేశాను.

తర్వాత నిజం కక్కిద్దామని మార్త ఇంటికి వెళ్ళాను. పులిసిపోయిన పిండి గిన్నె గుమ్మంలోనే ఉంది. ఆమె నా మీద కోప్పడలేదు.

"అది కిందటేడు వరదప్పుడు మా చర్చి గ్రూపులో పెట్టిందండి. నా ఫోను ఆ నీళ్ళల్లోనే పోయింది, గ్రూపువాళ్ళ దగ్గరా ఇప్పుడు లేదంట. వెనకాల మా ఆయన దగ్గుతా, ముందు పాపనెత్తుకో అంటాడు, విన్నారా?"

వినలేదు. ఆమె భర్త బాలశౌరి పోయిన క్రిస్మస్ ముందు చనిపోయాడు. పాడె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"ఆయన గొంతు ఇంకెందులోనూ లేదండీ. మీరంతా నన్నేమన్నా అనుకోండి మూర్తిగారూ, అదొక్కటి నా ఫోనుకి పంపండి" అంది.

నా ఫోన్లో లేదు. సిగ్గు విడిచి ఇంటింటికీ తిరిగి అడిగాను. ఊరంతా పంచిన ఆడియో మా వీధిలో ఒక్కరి దగ్గరా మిగల్లేదు. ఇప్పుడు దాంతో మీకేం పనని సంజీవరావుగారి భార్య నన్ను ఎగాదిగా చూసింది. చివరికి వియ్యంకుడికి ఫోన్ చేశాను.

"పోలీసులొస్తారని మీరేగా చెప్పారు బావగారూ, అప్పుడే తీసేశాం" అన్నాడు.