చార్జరు మీద తువ్వాలు

టీచరుగారి బ్యాటరీ చక్రాల కుర్చీని మంటల్లోంచి లాగింది నేనేనండి. సరే, మంటల్లేవు, చార్జరు బాగా వేడెక్కింది, అంతే.

అమలాపురంలో మా పక్కింటావిడ. చార్జింగు పెట్టిన ప్రతిసారీ, జ్వరమొచ్చిన పిల్లకి చూసినట్టు, చార్జరుకి వేళ్ళు ఆనించి వేడి చూసేవారు. "దానికి గాలాడాలండీ, మీద ఏమీ వెయ్యకండి" అని వరండాలోకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

ఓ ముసురు రోజున చూద్దును కదా, ఆ వెచ్చదనానికి ఆరుతుందని ఎవరో దాని మీద తడి తువ్వాలు పరిచేరు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ కుర్చీ ఆగిపోతే ఆవిడ గుమ్మం దాటలేరు! ఆవిడ కాళ్ళ మీద బట్టలారేస్తారా? సిగ్గులేదూ?" అని వీధంతా వినబడేలా అరిచేను.

టీచరుగారు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, తువ్వాలు నా చేతిలో పెట్టేరు.

"అరిచింది చాలు గానీ బాబాయిగారూ, పొద్దున్న దీన్ని ఇక్కడ ఆరేసింది మీరే."