దూతల కాపలాలో పలకల దారి

ముత్తియాల్‌పేటలో మా ప్రార్థన మందిరానికి మేడ వేయడం మొదలుపెట్టినప్పుడు పసుపు హెల్మెట్లు ఆరు కొన్నాం. పని మొదలైన రోజు ఫోటోలో వాటిని పెట్టుకున్నది సంఘ పెద్దలు. ఫోటో అయ్యాక అవి ప్రభువు బల్ల గిన్నెలున్న బీరువాలోకి వెళ్లిపోయాయి.

సోలై నగర్ నుంచి నడిచి వచ్చే ఒకావిడ కాంక్రీటు తట్టలు మోసేది. యాభై దాటిన మనిషి. చుట్టూ తమిళమే అయినా, మా ఇళ్లలో వినిపించే తెలుగే ఆమెదీ. మేడ మీదికి దారంటే ఏటవాలుగా వేసిన రెండు పలకలు, కాలు జారకుండా వాటికి అడ్డంగా కొట్టిన బద్దలు. ఒక చెయ్యి తట్టకు, రెండో చెయ్యి గాలికి. పడితే నడుం విరుగుతుంది. ఆమె అడిగిందల్లా పక్కన నడుమెత్తున ఒక సరుగుడు కర్ర కట్టించమని. కర్రలు పెరట్లో ఊరికే పడి ఉన్నాయి.

పని చూసుకునే మా సంఘ పెద్దాయన కర్ర కట్టించలేదు. బీరువా తెరిచి, ఒక హెల్మెట్ తెచ్చి, దానం చేస్తున్నంత ఠీవిగా ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని తలకు పెట్టుకుని, పైన తట్ట కింద ఉంచే గుడ్డ చుట్టకుదురు పెట్టి చూపించింది. చుట్టకుదురు జారి ఇసకలో పడింది.

"తట్ట యాడ పెట్టేది పెద్దయ్యా? మీ తలమిందనా?"

మేస్త్రీ అటు తిరిగి నవ్వాడు. పెద్దాయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయనకు వాక్యం వస్తుంది. ఇది దేవుని ఇల్లు, ఇక్కడ పనిచేసేవాళ్ల కాలికి రాయి తగలకుండా దూతలే చేతుల్లో ఎత్తి పట్టుకుంటారని చెప్పి, నా వైపు చూశాడు. ఆదివారం వాక్యం చదివేది నేనే కాబట్టి ఆమెన్ నేను అనాలి.

కీర్తనల్లోని ఆ వాగ్దానం నిజం. నేను దాని మీద బతికే మనిషిని. కానీ ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, ఆ మాటనే చూపించి, దూకమన్నది ఎవడో ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఏళ్లుగా ముందు వరసలో కూర్చున్న ఈయన సాతాను పాఠాన్ని ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పాడు. కొత్త ఇల్లు కట్టేవాడు, ఎవరైనా పడితే ఆ రక్తం ఇంటిమీదికి రాకుండా, పైన పిట్టగోడ కట్టాలనీ అదే గ్రంథంలో ఉంది. ఆయన పుస్తకంలో ఆ పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయేమో.

నేను ఆమెన్ అనలేదు. గొప్పగా చేసిందీ ఏమీ లేదు. శిఖరం మీద ఆ మాట అన్నదెవరని మాత్రం అడిగాను.

"కీర్తనకారుడు," అన్నాడు ధీమాగా.

ఆవిడకు మా చర్చతో పని లేదు. నిండు తట్ట తెచ్చి ఆయన కాళ్ల ముందు దించింది.

"దూతలు మీకు తెలిసినోళ్లు కదా. ఈ ఒక్క తట్టా మీరు ఎత్తుకపోండి. నేను చూసి నేర్చుకుంటా."

అందరూ చూస్తున్నారు. తట్ట లేకుండా ఎక్కి చూపిస్తానని ఆయన పంచె ఎగ్గట్టాడు. నాలుగో బద్ద మీద పలక ఊగింది. ఆయన కుడిచెయ్యి పక్కకు సాగి, లేని కర్ర కోసం గాలిలో తడుముకుంది. ఆవిడే గబగబా ఎక్కి భుజం అందించింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని దిగాడు.

మధ్యాహ్నం భోజనాలకు ముందే కర్ర కట్టారు. రెండు వైపులా.

ఆదివారం ఆయన లేచి, పడబోతున్న తనను దేవదూత ఆదుకున్నాడని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అంది.

సోమవారం ఆ దూత ఎప్పటిలాగే పనికి వచ్చింది. చుట్టకుదురు సర్దుకుని, తట్ట ఎత్తుకుని, ఎడమచెయ్యి కర్ర మీద వేసి పైకి నడిచింది.