తెరమీద పాలబండ్లు

మా ఆయన పోయాక నాకు మిగిలినవి తెనాలిలో ఒక మేడ, కొన్ని పాలబండ్లు. పిల్లలు లేరు. బండ్లు అమ్మేసి హాయిగా కూర్చోమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. హాయిగా కూర్చుని ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాకు ఒళ్ళు మండి, బండ్లు నేనే తిప్పుతానన్నాను.

పని మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. రేపల్లె వైపు కొన్ని బండ్లు, బాపట్ల వైపు కొన్ని. పొద్దునా సాయంత్రమూ ఊళ్ళలో పాల క్యాన్లు ఎక్కించుకుని తెనాలిలో డెయిరీ వాళ్ళ శీతల కేంద్రానికి చేర్చాలి. ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి. డ్రైవర్లు ఆ చుట్టుపక్కల వాళ్ళే కనక బండ్లు వాళ్ళ ఇళ్ళ ముందే ఉండేవి. నేను మేడ మీద ఫోను పక్కన ఉండేదాన్ని.

మా మధ్య ఒక పద్ధతి ఉండేది. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చినా, మాట్లాడితే బిల్లవుతుందని అందరూ జంకే రోజులవి. లోడు ఎక్కాక డ్రైవరు నాకొక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. తెనాలిలో పాలు దించాక ఇంకొకటి. నేను తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి, అందిందని అర్థం. నేను ఇవ్వకపోతే వాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. ఒకసారి తలంటుకుంటూ ఆలస్యం చేస్తే, బాపట్ల డ్రైవరు ఫోను చేసి చేసి విసిగి, క్యాన్లతో సహా బండిని మా గుమ్మం ముందుకే తెచ్చేశాడు. తడి జుట్టుతో తలుపు తీసి వాణ్ణి నానా మాటలూ అన్నాను. లోపల మాత్రం ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

రేపల్లె డ్రైవరు నా కన్నా కాస్త పెద్దవాడు, మా ఆయన కాలం నుంచీ ఉన్నవాడు. అతనికి మిస్డ్ కాల్‌తో నోటి దురద తీరేది కాదు. నా చేత ఫోను ఎత్తించి, ఇవాళ ఏం కూర వండారండి అని తన ఖర్చుతో అడిగేవాడు. నేను పచ్చడితో సరిపెట్టుకున్నానంటే కేకలేసేవాడు. రోజు మొత్తం మీద నేను ఉన్నానా లేనా అని కనుక్కునేది ఆ ఫోనొక్కటే. అది ఆగిపోతే ఆ మేడ మీద నేనున్న సంగతి ఇంకెవరికీ పట్టదు. ఆ భయం నాకు ఎప్పుడూ ఉండేది.

అలా ఉండగా డెయిరీ వాళ్ళు కొత్త నియమం పెట్టారు. ఇక మీదట ఎక్కడున్నదీ తెలిపే పెట్టె బిగించిన బండ్లకే కాంట్రాక్టు అన్నారు. ఏ పెట్టె కొనాలో మాత్రం నా ఇష్టం.

ఇద్దరొచ్చారు అమ్మడానికి. విజయవాడ నుంచి వచ్చినాయన పెట్టె చవక. మనం దానికి మెసేజి పంపితే, ఫలానా ఊరికి ఇంత దూరంలో ఉన్నానని జవాబిస్తుంది. అడిగితేనే చెబుతుంది, లేకపోతే నోరు మూసుకు కూర్చుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చినతను కంప్యూటరు తెర మీద మ్యాపు చూపించాడు. బండ్లన్నీ ఒకేసారి కనిపిస్తాయి. నడిచే బండి పచ్చ చుక్క, ఆగిన బండి ఎర్ర చుక్క. కాకపోతే డబ్బు ఎక్కువ, నెలనెలా అద్దె, ఇంటర్నెట్టు వేరే.

ఇద్దరి ప్రాణాలూ తోడేశాను. సిగ్నలు లేని ఊళ్ళో పెట్టె ఏం చేస్తుంది? డ్రైవరు వైరు పీకేస్తే తెలుస్తుందా? అసలే ముసలి బండ్లు, వాటి బ్యాటరీని ఇది పీల్చేస్తే పొద్దున్నే ఎవరు తోస్తారు, మీరొస్తారా? హైదరాబాదతను ఓపిగ్గా జవాబిచ్చాడు. సిగ్నలు లేనప్పుడు దాచుకుని, తగిలాక మొత్తం పంపిస్తుందన్నాడు. వైరు పీకితే కబురొస్తుందన్నాడు. బండి తోయడానికి రానని మాత్రం చెప్పేశాడు.

బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా విజయవాడ పెట్టే కొంటారు. డెయిరీకి అదీ చాలు. కానీ నమూనాకని హైదరాబాదతను ఒకరోజు రేపల్లె బండికి పెట్టె బిగించి నాకు తెర చూపించాడు. పచ్చ చుక్క రేపల్లెలో బయలుదేరి భట్టిప్రోలు దాటి మెల్లగా నా వైపు వస్తోంది. నా మనిషొకడు ఇంటికొస్తున్నట్టే ఉంది. ఒక్క బండికే ఇలా ఉంటే, అన్నీ కనిపిస్తే ఇల్లు ఎంత సందడిగా ఉంటుందో అనుకున్నాను. హైదరాబాదు పెట్టెలే కొని, అడిగినవాళ్ళకి మాత్రం అది కొత్త రకం, మన్నిక ఎక్కువ అని చెప్పాను. నిజానికి నేను కొన్నది తోడు. ఇంత తెలివితక్కువ బేరం ఎవరైనా చేస్తారా?

మొదట్లో బాగానే ఉంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో తెర ముందు కూర్చునేదాన్ని. చూసి ఊరుకోలేక ఫోనెత్తి, ఏవయ్యా పొన్నూరులో అంతసేపు ఆగావు, పెళ్ళిభోజనమా అని హాస్యమాడేదాన్ని. నాకది హాస్యం, వాళ్ళకది తనిఖీ. ఆ తర్వాత పొన్నూరులో ఏ బండీ ఆగలేదు. మిస్డ్ కాల్సూ తగ్గిపోయాయి. ఏంటి సంగతని బాపట్ల డ్రైవర్ని అడిగితే, ఇంకెందుకండి, మీకు కనపడతానే ఉందిగా అన్నాడు. అతనన్నది నిజమే. కనపడితే చాలదయ్యా అనడానికి నాకు నోరు రాలేదు, యజమానురాలిని కదా. రేపల్లె డ్రైవరు కూర సంగతి అడగడం కూడా మానేశాడు.

ఆ ఏడు ఊరంతా తిరిగిన కీళ్ళనొప్పుల జ్వరం నాకూ వచ్చింది. లేచి నిలబడితే మోకాళ్ళు ఆడవు, గ్లాసు పట్టుకుంటే వేళ్ళు ముడుచుకోవు. పనిమనిషి కూతురి పురిటికని ఈపురుపాలెం వెళ్ళింది. మంచం పక్కన చెంబెడు నీళ్ళు, బిస్కట్లు పెట్టుకుని పడుకున్నాను. పక్క గదిలో తెర మీద బండ్లన్నీ తిరుగుతూనే ఉండి ఉంటాయి. దిండు పక్కన ఫోను మాత్రం ఉలకలేదు, పలకలేదు. నేనే చెయ్యొచ్చుగా అంటారా? చెయ్యొచ్చు. ఒక్కరైనా తమంతట తాము చేస్తారేమో చూద్దామని పంతం పట్టాను. ఎవరూ చెయ్యలేదు. నేను ఇక్కడే పోయినా బండ్లు వేళకి తెనాలి చేరతాయి, పాలు విరగవు అని తెలిసి గోడవైపు తిరిగి ఏడ్చాను. జ్వరం కన్నా అదే ఎక్కువ నొప్పెట్టింది.

నడవగలిగిన రోజున ప్యాసింజరు ఎక్కి రేపల్లె వెళ్ళాను, తిట్టడానికే. ఏమేం తిట్టాలో దారంతా కూర్చుకున్నాను. సాయంత్రం లోడు వేళ. రేపల్లె డ్రైవరు క్యాన్లకి తాడు కడుతున్నవాడల్లా నన్ను చూసి, ఎగగట్టిన లుంగీ గబగబా దించుకున్నాడు.

"ఇన్నిరోజులు మంచాన పడి ఉన్నాను. బతికానో చచ్చానో ఒక్కడైనా కనుక్కున్నాడా?" అన్నాను. కూర్చుకున్న తిట్లన్నిట్లో అదొక్కటే బయటికొచ్చింది.

అతని మొహం పాలిపోయింది. "జొరమా అండి? మాకు తెలీదండి. మీరు చూస్తానే ఉన్నారనుకున్నామండి. ఈ వారమంతా ఎవరం ఎక్కడా టీకి కూడా ఆపలేదండి."

ఆ చివరి మాట కాస్త గర్వంగానే చెప్పాడు. నేను మంచంలో పడుంటే, ఖాళీ కుర్చీకి భయపడి వీళ్ళు టీలు మానేశారు. ఆ వారం వాళ్ళని చూసినవాళ్ళు లేరు, నన్ను చూసినవాళ్ళూ లేరు. ఎవర్ని తిట్టాలో తెలియక, బండిలోనే వస్తాను పద అన్నాను.

కండువాతో సీటు దులిపి ఎక్కించుకున్నాడు. ఒకప్పుడు ఈ మనిషి పక్కన కూర్చుంటే చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, పరీక్ష రాస్తున్నవాడిలా నడుపుతున్నాడు. నేనే ఏవో అడిగాను. అవునండి, లేదండి, అంతే. భట్టిప్రోలు దాటాం. ఏదైనా చెప్పవయ్యా, కనీసం ఏం కూర వండారని అడగవయ్యా అనాలని గొంతుదాకా వచ్చింది.

వేమూరు దగ్గర రోడ్డు పక్కన టీకొట్టు కనిపించింది. నాకు నోరు చేదుగా ఉంది. అసలు సంగతి అతను రెండు మాటలు మాట్లాడతాడని ఆశ.

"కాస్త ఆపవయ్యా, ఇద్దరం టీ తాగుదాం," అన్నాను.

బండి నెమ్మదించింది. అతను ముందరి పెట్టె వైపు ఒకసారి చూసి, మళ్ళీ వేగం పెంచాడు.

"వద్దులెండి. ఇక్కడ ఆపితే ఎర్ర చుక్క పడిద్ది, అమ్మగారు చూస్తారు," అన్నాడు, పక్కనే కూర్చున్న నాతో.