ఉప్పు మాట ఎత్తని ఇల్లు

మా ఇంట్లో మర్యాద ఎక్కువ. ఎంత ఎక్కువంటే, అత్తయ్య వండే రొయ్యల కూరలో కొన్నాళ్లుగా ఉప్పు రెట్టింపు పడుతున్నా ఒక్కరమూ నోరెత్తలేదు. మావయ్య స్టీల్ ప్లాంటులో ఉన్నన్నాళ్లూ ఫర్నేస్ హోరును మించి అరిచిన మనిషి. భార్య కూర ముందు మాత్రం పిల్లి. ఒక ముద్ద తింటాడు, ఒక గ్లాసు నీళ్లు తాగుతాడు. మా ఆయన పెరుగు గిన్నె దగ్గరకు లాక్కుంటాడు. నేను "చాలా బాగుంది అత్తయ్యా" అంటాను. అబద్ధంలో ముగ్గురిలోకీ నాదే పైచేయి.

మావయ్య బీపీకి మాత్రం ఈ మర్యాదలు తెలియవు. ఉప్పు తగ్గించకపోతే ఇక మందులతో ఆగదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ సంగతి అత్తయ్యతో ఎవరు చెప్పాలా అని ఆసుపత్రి నుంచి రిసాలిలోని మా ఇంటికి చేరేదాకా తండ్రీకొడుకులు కారులో చర్చించుకున్నారు. గుమ్మం ముందు తీర్మానమైంది: కోడలు చెప్పాలి. ఇలాంటి గౌరవాలు కోడళ్లకు అడక్కుండానే దక్కుతాయి.

చెప్పడం ఎలా? భిలాయిలో మా తెలుగువాళ్లకు రొయ్యల కూరంటే ఆవిడే. ఆ ఊళ్లోని క్యాంప్ వన్‌లో కాపురం పెట్టిన నాటి నుంచీ, విశాఖలో ఎవరు రైలెక్కినా థర్మాకోల్ డబ్బాలో ఐసు నింపి రొయ్యలు తెచ్చి ఆవిడ చేతికివ్వడం రివాజు. సముద్రం లేని ఊళ్లో ఆవిడ పరపతంతా ఆ కూర మీదే నిలబడింది. అందుకని నేను నిజం చెప్పే దారి వదిలేసి, ఫోన్‌లో ఒక విదేశీ వంట వెతికాను. కాల్చిన ఎర్ర శిమ్లా మిర్చి, బాదం కలిపి రుబ్బిన సాస్‌లో రొయ్యలు.

ఆదివారం డబ్బా రాగానే, "ఈసారి నేను వండుతాను అత్తయ్యా, కొత్త రకం," అన్నాను.

"ఏటే, నా కూరకేటొచ్చింది?"

"ఏం రాలేదు. మీకు కాస్త విశ్రాంతి."

ఆవిడ కుర్చీ తెచ్చుకుని పొయ్యికి ఎదురుగా కూర్చుంది. ఆవిడ దృష్టిలో విశ్రాంతంటే కాపలా.

మిర్చీలను మంట మీద పెట్టి, తొక్క నల్లబడేదాకా తిప్పాను. "వంకాయైతే కాల్సాలి. ఈటికేటి కర్మ?" అంది. తొక్క ఒలిచి, వెల్లుల్లి, టమాటా, నిమ్మరసం చేర్చాను. బాదం ఇంట్లో లేక, వేయించిన పల్లీలు వేసి రుబ్బాను. ఆవిడ గిన్నెలోకి తొంగి చూసింది. "ఇడ్లీలోకి పల్లీ పచ్చడి కదే ఇది!" విదేశీ వంట పరువు అక్కడితో సరి. రొయ్యలకు పసుపు, కారం పట్టించి నూనెలో వేయించి, ఆ పచ్చట్లోనే కలిపాను.

అందరం కూర్చున్నాం. మొదటి ముద్దకే తెలిసిపోయింది. ఉప్పు తగ్గించాలన్న ధ్యాసలో అసలు ఉప్పే వేయలేదు.

"బాగుందమ్మా," అన్నాడు మావయ్య.

"ఏక్‌దమ్ మస్త్," అంటూ మా ఆయన ఆవకాయ జాడీ అందుకున్నాడు. ఇన్నాళ్ల సాధన ఊరికే పోతుందా?

అత్తయ్య ఒక రొయ్య తింది. ఇంకోటి తింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఉప్పు సరిపోనాదేటే?"

"మీరే చెప్పండి అత్తయ్యా."

"తెలిస్తే నిన్నెందుకడుగుతాను? ఆమధ్య జొరమొచ్చి తగ్గిన కాడ్నుంచీ నోటికేటీ తెలడం నేదు. వాసనా నేదు. అలవాటు కొద్దీ సేతికొచ్చినంత ఏసేస్తన్నాను."

మావయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. మా ఆయన ఆవకాయ కలపడం ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంక దాచలేక అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను: ఈ రోజు ఉప్పు మర్చిపోయాననీ, ఆవిడ కూరలో ఎక్కువవుతోందనీ, మావయ్య బీపీ గురించి డాక్టరు ఏమన్నాడో కూడా.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది.

"బాగుందంటే నమ్మినాను," అంది. "నా నోరు పాడైనా, ఇంట్లో ఇంకా మూడు నోళ్లున్నాయి కదా అని వొండినాను."