దూరపు తోకచుక్కలకు తగిలే ఎండ

ఒకప్పటి మా కొబ్బరితోట ఇప్పుడు ఒక కురిడీ కొబ్బరి వ్యాపారిది. అతని తండ్రి మా నాన్నగారి హయాంలో మా వరండా మెట్లెక్కేవాడు కాదు. ఇతను మొన్న వేసవిలో కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, నేను కుర్చీ చూపించకముందే కూర్చున్నాడు. గమనించాను.

ఆ అమ్మాయి అమలాపురం కాలేజీలో నా దగ్గర ఫిజిక్స్ చదివింది. పైచదువుకు బెంగుళూరు వెళ్ళి ఖగోళశాస్త్రం చదువుతానంటోంది. తండ్రికి ఇష్టం లేదు. నేను ఏది చెబితే అది చేద్దామని ఇంట్లో ఒప్పందమట.

“తోకచుక్కల మీద చదువుతాదంటండి మాస్టారూ. ఎండైనా తగలనంత దూరంలో పడున్నవాటిల్లో చదవడానికేముంటాదండీ? ఎక్కడివక్కడే ఉంటాయి కదండీ?”

మన సూర్యుడి ఎండ అంతగా అందకపోయినా, ఇతర నక్షత్రాల కిరణాలు, రేణువులు వాటిని కోట్ల ఏళ్ళుగా తాకుతూనే ఉంటాయని చెప్పాను. పైమంచు నల్లబడి పెచ్చు కడుతుంది.

“అయితే మా కురిడీ లెక్కేనండి.”

“కాదు. మీరు కాయని ఏడాది అటకమీద పెడితే పైన పీచు అలాగే ఉంటుంది, లోపల నీళ్ళు ఇంకి కొబ్బరి ఎండుతుంది. తోకచుక్కది తిరగబడ్డ పద్ధతి. పైన ఎంత మారినా లోపల మారదు.”

ఆ మాట నాకిష్టం. ఏళ్ళ తరబడి తరగతిలో అలాగే చెప్పాను.

“అంత కాదండి మాస్టారూ,” అంది అమ్మాయి. “బాగా వెలుగున్న నక్షత్రం పక్కనుంచి పోతే, ఆ వెచ్చదనం కొబ్బరిచెట్టంత లోతుకి దిగుద్దండి. తేలిగ్గా ఆవిరయ్యే మంచు అక్కడిదాకా ఎగిరిపోతాదండి. ఆ కిందదే అసలు పాతది.”

“ఏంటే, మాస్టారి మాటే తప్పంటావా?” అని తండ్రి కసిరి, నా వైపు తిరిగాడు. “మీరే చెప్పండి బాబూ.”

నేను ఆమె మాట తప్పంటే ప్రయాణం ఆగిపోతుంది. అంత లోతుకి ఎలా దిగుతుందని అడిగాను. నక్షత్రం దాటిపోవడానికి వేల ఏళ్ళు పడుతుంది కాబట్టి, వేడికి అంత వ్యవధి దొరుకుతుందంది. మనసులో లెక్క కట్టుకున్నాను. సరిపోయింది.

“అమ్మాయి చెప్పిందే సరి,” అన్నాను. “నాది పాత లెక్క.”

మా ఇంటివాళ్ళు మాట వెనక్కి తీసుకోవడం అతను ఎన్నడూ చూసి ఉండడు.

“తమరి చేతే ఒప్పించేసిందంటే ఇక నేనెంతండీ? ఆయ్, పంపేత్తానండి.”

అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. బయల్దేరేలోగా వేడి ప్రసరించే లెక్కలు ఇంకోసారి చేసుకోమన్నాను. జవాబు సరైనదే కాని, మధ్యలో రెండు మెట్లు వదిలేసి చెప్పింది.